మైపాడు బీచ్‌లో చేపల భోజనం: హోటల్ పేరు కాదు, ఆర్డర్ చెప్పే వేళ ముఖ్యం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కార్తీకమాసంలో ఒక శని, ఆదివారాలు చెన్నై నుంచి కారుల్లో నెల్లూరు దగ్గరి మైపాడు వస్తున్నారు, ఒక రాత్రి బీచ్ దగ్గర రిసార్ట్‌లో ఉంటారు. పెద్దవాళ్ళు ఆరుగురు, పిల్లలిద్దరు, నీచు, ఉల్లి, వెల్లుల్లి ముట్టని అత్తమామలిద్దరు. చేపల భోజనం ఏ హోటల్లో బాగుంటుంది, చేప తాజాదో కాదో ఎలా తెలుస్తుంది, రేటు దగ్గర మోసపోకుండా ఏం చెయ్యాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. హోటల్ పేరు వెతకడం కంటే ఆర్డర్ చెప్పే వేళ మార్చుకోవడం ముఖ్యం. ఇలాంటి చిన్న ఊళ్ళో మంచి భోజనం, నాసి భోజనం రెండూ ఒకే పొయ్యి మీది నుంచి వస్తాయి. పొద్దున తొమ్మిదిలోపు ఫోన్ చేసి ఏ చేప, ఎన్ని కిలోలు, ఎలా వండాలి అని చెప్పినవాళ్ళకి వండేది ఒకటి. రెండింటికి కారు దిగి "ఏమేం ఉన్నాయి?" అని అడిగినవాళ్ళకి పెట్టేది ఇంకొకటి. రిసార్ట్ వంటిల్లయినా, ఊళ్ళో మెస్సయినా, బీచ్ ఒడ్డున పాక హోటలయినా ఇంతే. నెల్లూరు చుట్టుపక్కల హోటళ్ళకి చేపలు వేసే పని కాబట్టి ఆ వంటిళ్ళు లోపల్నుంచి తెలిసే చెప్తున్నాను.

రెండో మాట: చేపల భోజనం శనివారం మధ్యాహ్నానికి పెట్టుకోండి, ఆదివారం వద్దు. శనివారం నీచు తినని ఇళ్ళు మన వైపు చాలా ఉన్నాయి కాబట్టి రద్దీ తక్కువ, వంటవాళ్ళకి తీరిక ఉంటుంది. కార్తీకంలో ఆదివారాలు సముద్ర స్నానాలకొచ్చేవాళ్ళు, వనభోజనాలవాళ్ళు అందరూ ఒకేసారి దిగుతారు. ఒంటిగంటన్నరకల్లా చేసినవి అయిపోతాయి. తర్వాత వండేది హడావుడి వంటే. పౌర్ణమి ఆ రెండు రోజుల్లో పడితే మాత్రం శనివారం కూడా ఆదివారం లాంటిదే అనుకోండి.

ఇక చేప సంగతి. బీచ్ పక్కన తింటున్నాం కాబట్టి అది సముద్రం చేపే అయ్యుంటుందని చాలామంది అనుకుంటారు. అది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఎండాకాలం సెలవుల్లో వచ్చేవాళ్ళకి ప్లేట్లో పడే వంజరం చాలావరకు ఐసు పెట్టి నిలవ ఉంచిందే. మీరొచ్చే కార్తీకంలో నిషేధం లేదు కానీ, అది ఈశాన్య రుతుపవనాల కాలం. నెల్లూరు తీరానికి వాయుగుండాలు, తుఫాన్లు వచ్చే నెలలు. వేటకి పోవద్దని వాతావరణశాఖ హెచ్చరిక ఇచ్చిందంటే పడవలు ఒడ్డునే ఉంటాయి. అందుకని ఫోన్‌లో మొదట "చేప తాజాదేనా?" అని అడక్కండి, దానికి ఎవరైనా తాజాదనే అంటారు. "నిన్న, ఇవాళ పడవలు పోయాయా?" అని అడగండి. పోలేదంటే సముద్రం చేప మాట వదిలేసి చెరువు చేప చెప్పుకోండి. మనది చేపల చెరువులు, రొయ్యల గుంటలు ఉన్న జిల్లా. పొద్దున పట్టిన చెరువు చేప, నాలుగు రోజులు ఐసులో నలిగిన వంజరం కంటే వెయ్యి రెట్లు నయం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

ఏ చేప దేనికి అన్నది కూడా ముందే తేల్చుకోవాలి, ముఖ్యంగా పిల్లలున్నారు కాబట్టి.

పులుసుకి కొరమీను మేలు. ముళ్ళు తక్కువ, ముక్క గట్టిగా ఉంటుంది, పులుసులో విరగదు. బతికున్నది చూపించి కోస్తారు కాబట్టి తాజాదనం గురించి అనుమానమే ఉండదు. ధర ఎక్కువ. కొరమీను లేకపోతే బొచ్చె, శీలావతి ఎప్పుడూ దొరుకుతాయి, రుచికి లోటు లేదు. కాకపోతే వాటి కండలో చీలిన సన్నముళ్ళు ఉంటాయి, పిల్లలకి పెట్టకండి. పెద్ద చేప తీసుకుంటే ముళ్ళు లావుగా ఉండి కంటికి కనిపిస్తాయి, అందుకని కిలో చేపలు రెండు కంటే రెండు కిలోల చేప ఒకటి మంచిది. వానలు పడ్డాక బొమ్మిడాయిలు కూడా వస్తాయి. వాటిని బూడిదతో రుద్ది జిగురు పోయేదాకా కడగడం తెలిసిన చెయ్యి ఉంటేనే చెప్పండి, లేకపోతే నీచువాసన పోదు.

వేపుడుకి వంజరం లేదా పండుగప్ప. రెండింటికీ నడిముల్లే ప్రధానం, అది తీసేస్తే పిల్లలకి నిశ్చింతగా పెట్టొచ్చు. చందువా కూడా అంతే, మనిషికొకటి వచ్చేలా పావుకిలో సైజువి అడగండి. ఇక్కడొక జాగ్రత్త. చెరువుల్లో పెంచే రూప్‌చంద్‌ని చందువా అని వడ్డించడం చాలాచోట్ల ఉంది. వండాక తేడా పట్టుకోవడం కష్టం కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే చూడండి. రూప్‌చంద్‌కి పళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి, గొంతు కింద, పొట్ట మీద ఎర్రటి ఛాయ ఉంటుంది. చందువా నోరు బుల్లిది, ఒళ్ళు వెండిలా ఉంటుంది, పొట్ట కింద జత రెక్కలుండవు. రూప్‌చంద్ తినకూడనిదేం కాదు, కానీ చందువా రేటు పెట్టి తినాల్సిన చేప కాదు. ముళ్ళు లేని అపోలో ఫిష్ అని చేసేది కూడా ఇప్పుడు ఎక్కువగా పంగాసియస్ అనే పెంపకం చేప ముక్కలతోనే. సముద్రం దాకా వచ్చి అది తినడం ఎందుకు?

సొరచేప పిట్టు చేసే చెయ్యి దొరికితే ఒక ప్లేటు తప్పకుండా చెప్పండి. సొర, టేకు చేపలు నిలవైతే వాటి కండలో ఉండే యూరియా అమోనియాగా మారుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు కొడుతుంది. ఆ ఘాటు అల్లం, వెల్లుల్లి దట్టించినా దాగదు. వస్తే ప్లేటు వెనక్కి పంపేయండి.

కానగర్తలు, ట్యూనా మాత్రం ఐసులో ఉన్నవైతేనే తీసుకోండి. ఇలాంటి చేపలు ఎండకి కాసేపు పడుంటే హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది, ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి మొదలవుతాయి. చేప పడలేదు అని చాలామంది అనుకునేది ఇదే.

మిగతా చేపలకి పరీక్ష మీకూ తెలిసే ఉంటుంది: కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, మొప్ప ఎత్తితే లోపల ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకుండా కండ తిరిగి పైకి రావాలి. ముక్కలు కోసి పెట్టిన చేపకి ఈ మూడూ కుదరవు. అందుకే మీ ముందు కోయించుకోండి, లేకపోతే ఫొటో అడగండి. తూకం వేసేముందు వాట్సాప్‌లో చేప ఫొటో పంపమంటే ఇప్పుడు ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. రొయ్యకి తల గట్టిగా అతుక్కుని ఉండాలి, తల నల్లబడి ఊడొస్తుంటే వద్దు. పీతని చేత్తో ఎత్తి చూడండి. సైజుకి తగ్గ బరువుండాలి, కింది చిప్ప నొక్కితే లోపలికి పోతే లోపల కండ లేదని అర్థం.

ముందే ఎందుకు చెప్పాలంటే, పులుసుకి టైము కావాలి. నెల్లూరు చేపల పులుసులో చింతపండు రసం ముందు బాగా మరిగి చిక్కబడాలి. తర్వాత ముక్కలు జారవిడిచి, గరిటె పెట్టకుండా దాక అంచులు పట్టుకుని తిప్పుతారు. ముక్క పది, పన్నెండు నిమిషాల్లో ఉడుకుతుంది. వేయించి కొట్టిన మెంతి, ఆవపొడి చివర్లో పడుతుంది. దించాక కనీసం గంటన్నర కదపకుండా ఉంచితేనే పులుపు, కారం ముక్క లోపలికి దిగుతాయి. మర్నాటి పులుసు రుచి అని మన ఇళ్ళల్లో అనేది ఊరికే కాదు. ఒంటిగంటకి తినాలంటే పదకొండున్నరకి దించెయ్యాలి. అంటే పదికల్లా చేప వంటింట్లో ఉండాలి, తొమ్మిదికి మీ ఫోన్ వెళ్ళాలి.

ముందు చెప్పకుండా వెళ్తే ఏం చేస్తారంటే, చికెన్‌కి చేసి పెట్టుకున్న ఉల్లి, టమాటా గ్రేవీలో చింతపండు కలిపి, వేయించిన ముక్కల మీద పోసి ఇస్తారు. పట్టుకోవడం సులువు. ముక్క విరిచి లోపలి కండ ఒక్కటే నోట్లో వేసుకోండి. చప్పగా ఉంటే అది పులుసులో ఉడికిన ముక్క కాదు.

పచ్చిమామిడి ముక్కలు వెయ్యమని కొందరు పట్టుబడతారు. నెల్లూరు పులుసుకి అంత పేరు వచ్చిందీ దానివల్లే. కానీ అది ఎండాకాలం సంగతి. కార్తీకంలో పునాస కాయ దొరికితే అదృష్టం. లేకపోతే చింతపండుతోనే చెయ్యమనండి, ఎక్కడో ఫ్రీజర్‌లో పెట్టిన మామిడి ముక్కలు వేసి పులుసు నీళ్ళ నీళ్ళగా చెయ్యొద్దని చెప్పండి.

ఫోన్‌లో మాట ఇలా ఉంటే చాలు: "అన్నా, శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి పదిమందిమి వస్తాం. పొద్దున పడవలు పోయుంటే రెండు కిలోల వంజరమో పండుగప్పో, లేకపోతే కొరమీను. సగం పులుసు, సగం వేపుడు. రొయ్యలు తలతో కిలో, ఇగురు. ఇద్దరికి ఉల్లి, వెల్లుల్లి లేకుండా భోజనం. చేప రేటెంత, వండే కూలి ఎంత, ఆకు ఎంత, విడివిడిగా చెప్పు." కొంత అడ్వాన్సు పంపండి. అడ్వాన్సు లేని ఆర్డర్‌కి వంటవాడు చేప తెచ్చి పెట్టుకోడు, మీరు రాకపోతే ఆ నష్టం అతనిదే కదా.

లెక్కలు సరిగ్గా వేసుకోండి, సగం గొడవలు తూకం దగ్గరే. పైన చెప్పిన రెండు కిలోల చేప తల, పొట్ట, పొలుసు పోతే కిలో ముప్పావుకి మించదు, తల పెద్దగా ఉండే బొచ్చె అయితే కిలోన్నర లోపే. ఆరుగురు పెద్దలకి, ఇద్దరు పిల్లలకి ముక్కలు సరిపోతాయి. తల వదలొద్దు, పులుసులో వెయ్యమనండి. రొయ్యలు తలతో కిలో తీసుకుంటే ఒలిచాక అరకిలో పైచిలుకు మిగులుతాయి, ఇగిరాక ఇంకా తగ్గుతాయి. మనిషికి నాలుగు ముద్దలకొచ్చే కూర అది. రొయ్యల సైజు కౌంట్‌లో చెప్తారు: 40 కౌంట్ అంటే కిలోకి 40, 80 కౌంట్ అంటే సగం సైజువి. గుంటల్లో పెంచే వెనామీయే ఎక్కువగా దొరుకుతుంది, ఇగురుకి 50, 60 కౌంట్ సరిపోతుంది. "కిలో రొయ్యలు" అన్నప్పుడు తలతోనా, ఒలిచిందా అన్నది తేల్చుకోకపోతే బిల్లు దగ్గర రెట్టింపు తేడా వస్తుంది. పీతలు ఈసారికి వదిలెయ్యండి. కండ తక్కువ, తినడానికి గంట పడుతుంది, పిల్లలతో కుదరదు. బియ్యం పదిమందికి కిలోంపావు చాలు.

రేటు దగ్గర మోసం అనేది చాలాసార్లు మోసం కాదు, మాట తేల్చుకోకపోవడమే. చేప ధర రోజూ మారుతుంది కాబట్టి నేనిక్కడ అంకె రాయను. ముందురోజు నెల్లూరు మార్కెట్ రేటు కనుక్కుని, బీచ్‌లో అంతకంటే కొంచెం ఎక్కువ ఉంటుందని అనుకోండి. కోయకముందు తూకమా, కోసిన తర్వాత తూకమా అన్నది అడగండి. వండే కూలి కిలోకి ఇంత అని వేరుగా ఉంటుంది, నూనె, మసాలా అందులోనే ఉండాలి. అన్నం, చారు, పెరుగు ఆకుకి ఇంత. బిల్లులో జీఎస్టీ వేస్తే మామూలు హోటళ్ళకి 5 శాతం, ఏసీ ఉన్నా లేకపోయినా అంతే. జీఎస్టీ నంబర్ లేకుండా చేత్తో రాసిన చీటీ మీద పన్ను వేస్తే ఒప్పుకోవద్దు. కాంపొజిషన్ పథకంలో (అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను హోటలే కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటలయితే కస్టమర్ దగ్గర పన్ను వసూలు చెయ్యకూడదు. సర్వీస్ చార్జి మీ ఇష్టం, 2022 జులైలో వచ్చిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో తనంతట తాను కలపకూడదు. వడ్డించిన కుర్రాడికి చేతిలో పెట్టడం వేరు, అది తప్పకుండా పెట్టండి.

అత్తమామల భోజనం గురించి ఎక్కువ శ్రద్ధ పెట్టండి, చాలా కుటుంబాలు ఇక్కడే ఇబ్బంది పడతాయి. "వెజ్ ఉందా?" అంటే ఉందనే చెప్తారు. కానీ చేపల వంటింట్లో వెజ్ అంటే ఉల్లిపాయ సాంబారు, వెల్లుల్లి తాలింపు పప్పు, చేపలు వేపిన నూనెలోనే వేయించిన అప్పడాలు. అప్పడాల సంగతి ఎవరికీ తట్టదు. రెండు దారులున్నాయి. ఒకటి, రిసార్ట్ వంటింట్లో పొద్దునే, చేప రాకముందే మొదటి పొయ్యి మీద వండించడం: ఇంగువ తాలింపుతో దోసకాయ పప్పు, బీరకాయ కూర, మిరియాల చారు, పెరుగు. కొత్త నూనె, కడిగిన గిన్నెలు అని గట్టిగా చెప్పండి, ఆ డబ్బు వేరే ఇస్తామనండి, చేస్తారు. రెండోది, నెల్లూరులో శాకాహార హోటల్లో పొద్దున టిఫిన్ చేసేటప్పుడే పులిహోర, దద్దోజనం పార్శిల్ కట్టించుకోవడం. దద్దోజనంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలపమనండి, మధ్యాహ్నానికి పులవకుండా ఉంటుంది. మడి పట్టింపు గట్టిగా ఉన్నవాళ్ళయితే రెండో దారే మంచిది.

చెన్నైలో తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరితే హైవే మీద తొమ్మిదిలోపు నెల్లూరు వచ్చేస్తారు. దారిలోంచే వంటవాళ్ళకి ఫోన్ చెయ్యండి. టిఫిన్ అక్కడే కానివ్వండి. ఇందుకూరుపేట మీదుగా బీచ్ ఇంకా పాతిక కిలోమీటర్లు ఉంటుంది, దారిలో చిన్న టిఫిన్ బండ్లు తొమ్మిదిన్నరకి సర్దేస్తాయి. పెద్దవాళ్ళు నెయ్యి కారం దోశ తినాల్సిందే. పిల్లలకి సాదా దోశ చెప్పండి, ఆ ఎర్రకారం వాళ్ళు తట్టుకోలేరు. అత్తమామలకి ఇడ్లీ చెప్పండి, ఎర్రకారంలో వెల్లుల్లే ప్రధానం.

బీచ్ మీద వేపుడు బండ్ల గురించి కూడా అడిగే ఉంటారు మనసులో. అన్నీ చెడ్డవి కావు. బండి దగ్గర మూకుడులోకి చూడండి. నూనె నల్లగా, చిక్కగా ఉండి, ముక్క వెయ్యగానే నురగ పైకి పొంగి, పొగ వస్తుంటే అది ఎన్నోసార్లు కాగిన నూనె. పదేపదే కాగే కొద్దీ నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా నిబంధన 2018 నుంచి ఉంది. బండి దగ్గర దాన్ని కొలిచే సాధనం ఉండదు కాబట్టి కళ్ళే ఆధారం. ముక్కలు మెరిసే నారింజ ఎరుపులో ఉంటే అది రంగు, ఏ మిరపకారానికీ ఆ మెరుపు రాదు. మసాలా పట్టించి ఎండలో బయట పెట్టిన ముక్కలు వద్దు, ఐసు పెట్టెలోంచి తీసి అప్పటికప్పుడు వేపేవాడి దగ్గర తినండి.

శనివారం రాత్రికి ఎక్కువ ఆశించకండి. చాలాచోట్ల ఎనిమిది దాటితే పొయ్యి ఆర్పేస్తారు. పిల్లల్ని, పెద్దవాళ్ళని వేసుకుని చీకట్లో నెల్లూరు దాకా పోయిరావడం అనవసరం. సాయంత్రం అయిదుకే రిసార్ట్‌లో చపాతీ, పప్పు, పెరుగన్నం చెప్పేయండి. మధ్యాహ్నం మిగిలిన పులుసుంటే ఫ్రిజ్‌లో పెట్టించి రాత్రి కళపెళ మరిగించి తినొచ్చు. రొయ్యల కూర మాత్రం మిగల్చకండి, మళ్ళీ వేడి చేస్తే రొయ్య రబ్బరులా సాగుతుంది.

ఆదివారం టిఫిన్ కాగానే గది ఖాళీ చేసి పదకొండుకల్లా బయల్దేరితే నెల్లూరులో నింపాదిగా భోజనం చేసి, మలై కాజా కొనుక్కుని వెళ్ళొచ్చు. కాజాలో మలై ఉంటుంది కాబట్టి కారులో ఎండకి పెట్టకండి, ఇంటికెళ్ళగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇంటికి చేప తీసుకెళ్తామంటే ఆదివారం పొద్దున పడవలు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్ళండి. పొట్ట, మొప్పలు తీయించి కడిగించి, ముక్కలు కొట్టించకుండా చేప చేపగానే తీసుకోండి. థర్మాకోల్ పెట్టెలో చేప ఎన్ని కిలోలో నలగ్గొట్టిన ఐసు అన్ని కిలోలు, ఒక వరుస ఐసు, ఒక వరుస చేప, పైన మళ్ళీ ఐసు. పెట్టె అడుగున ఒక మూల చిన్న కన్నం పెట్టి కింద బేసిన్ ఉంచండి. కరిగిన నీళ్ళల్లో చేప నానితే సాయంత్రానికి కండ మెత్తబడి పులుసుకి పనికిరాకుండా పోతుంది.